హనుమ విహారి, ఆంధ్ర జట్టు: ఇంకా తెగని చర్చ

మన శ్రీకాకుళం జిల్లా పలాస, కాశీబుగ్గల్లో క్రికెట్ మాటొస్తే ముందు ఐపీఎల్ సంగతి నడుస్తుంది, ఆ తర్వాత టీమిండియా. ఆంధ్ర రంజీ జట్టు గురించి మాట్లాడుకోవడం అరుదు. నాలుగేసి రోజుల ఆట, చాలా మ్యాచ్‌లు టీవీలో రావు, సగం మంది ఆటగాళ్ల పేర్లే తెలియవు. అలాంటిది 2024 ఫిబ్రవరి 26 తర్వాత కొన్నాళ్లపాటు జీడిపప్పు కొట్ల ముందు, టెక్కలి టీ బడ్డీల దగ్గర, బారువ ఇసుకలో ఆట ముగించి కూర్చున్న కుర్రాళ్ల మధ్య రంజీ జట్టు మాటే నడిచింది. ఆంధ్ర తరఫున ఇక ఎప్పటికీ ఆడనని హనుమ విహారి ప్రకటించిన రోజది. దేశానికి 16 టెస్టులు ఆడినవాడు, సొంత రాష్ట్రం జట్టులో తన ఆత్మగౌరవం పోయిందని రాసి బయటికి నడిచాడు. తర్వాత తిరిగొచ్చాడు. ఏడాది ఆడి మళ్లీ వెళ్లిపోయాడు. 2025-26 సీజన్‌కు త్రిపుర జట్టులో చేరాడు. అతను వెళ్లినా మన దగ్గర ఆ చర్చ ఆగలేదు.

చర్చ అంటే ఒక్క వాదన కాదు. విహారికి అన్యాయం జరిగిందనేవాళ్లు ఎక్కువ. నోరు జారితే పెద్ద ఆటగాడైనా జవాబు చెప్పాలనేవాళ్లూ ఉన్నారు. ఇదంతా రాజకీయమని కొట్టిపారేసేవాళ్లు, ఆట కంటే ఎవరూ గొప్పవాళ్లు కాదని ముగించేవాళ్లు, రెండోసారి ఎందుకు వెళ్లాడని నిష్ఠూరపడేవాళ్లు, ఇలా రకరకాలు. ప్రతి వాదనలోనూ కొంత నిజముంది. ఆ నిజం ఎక్కడిదాకా నిలుస్తుందో చూడాలంటే ముందు జరిగినదంతా వరసగా చెప్పుకోవాలి.

విహారి 1993లో కాకినాడలో పుట్టాడు. ఫస్ట్ క్లాస్ ఆట మొదలుపెట్టింది 2010లో, హైదరాబాద్ తరఫున. 2016-17లో ఆంధ్రకు వచ్చాడు. మరుసటి ఏడాది అక్టోబరులో విజయనగరంలో ఒడిశా మీద 302 నాటౌట్ కొట్టాడు. మన పక్క జిల్లాలో, మన పొరుగు రాష్ట్రం మీద కొట్టిన ట్రిపుల్ సెంచరీ అది. 2018 సెప్టెంబరులో ఓవల్‌లో తొలి టెస్టు ఆడి 56 పరుగులు చేశాడు. 2019లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో 111. మొత్తం 16 టెస్టుల్లో 839 పరుగులు. అంకెల్లో చూస్తే ఇది మహా గొప్ప లెక్కేమీ కాదు. కానీ 2021 జనవరిలో సిడ్నీ టెస్టు ఆఖరి రోజు చూసినవాళ్లు విహారిని అంకెలతో కొలవరు. తొడ కండరం పట్టేసి పరుగు తీయలేని స్థితిలో 161 బంతులాడి 23 పరుగులతో నిలబడ్డాడు. అటు అశ్విన్ నడుం నొప్పితో 128 బంతులు కాచాడు. ఇద్దరూ కలిసి ఓడిపోయే మ్యాచ్‌ను డ్రా చేశారు. ఆ సిరీస్‌ను భారత్ గెలిచింది.

2021-22లో విహారి ఒకసారి ఆంధ్రను వదిలి హైదరాబాద్‌కు వెళ్లాడు. ఆ తర్వాతి సీజన్‌కే తిరిగొచ్చాడు. అప్పుడు ఎవరూ చర్చ పెట్టలేదు. వెళ్లడం ఒక్కటే జనానికి బాధ కలిగించదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఎలా వెళ్లాడు, ఎవరు వెళ్లగొట్టారు అన్నదే మనసులో దిగుతుంది.

ఇక ఇండోర్ సంగతి. విహారి అభిమానులు వాదనకు దిగితే మొదట చెప్పేది ఇదే. 2023 జనవరి ఆఖర్లో హోల్కర్ స్టేడియంలో మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్ ఫైనల్. తొలి ఇన్నింగ్స్‌లో ఆవేశ్ ఖాన్ వేసిన షార్ట్ బంతి ఎడమ మణికట్టుకు తగిలింది. ఎముక విరిగింది. 16 పరుగుల దగ్గర బయటికి వెళ్లాడు. తొమ్మిది వికెట్లు పడ్డాక మళ్లీ ప్యాడ్లు కట్టుకుని దిగాడు. పుట్టుకతో కుడిచేతి బ్యాట్స్‌మన్ అయినవాడు ఎడమచేతి వాటం ఆటగాడిలా నిలబడ్డాడు. అలా నిలబడితే విరిగిన చెయ్యి బౌలర్‌కు అవతలి పక్కకు పోతుంది, బంతి దాని మీదికి రాదు. బ్యాట్ భారమంతా కుడిచేతి మీదే. ఆవేశ్ ఖాన్ అదే వేగంతో వేస్తున్నాడు. ఆ ఒంటిచేత్తోనే బౌండరీలు కొట్టి 27కు చేరాడు. జట్టు 379కి చేరింది. రెండో ఇన్నింగ్స్‌లో జట్టు 93కే కుప్పకూలినప్పుడు కూడా అలాగే దిగి 15 పరుగులు చేశాడు. మ్యాచ్ ఓడిపోయాం. అయినా ఆ రోజు విహారి ఆడిన తీరు రంజీ స్కోర్లు ఎప్పుడూ చూడని వాళ్ల ఫోన్లలో కూడా తిరిగింది.

ఏడాది తిరిగింది. 2024 జనవరిలో విశాఖపట్నంలో బెంగాల్‌తో సీజన్ తొలి మ్యాచ్. విహారి కెప్టెన్. బెంగాల్ చేసిన 409 పరుగులను దాటి ఆంధ్ర తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం తెచ్చుకుంది. తర్వాతి మ్యాచ్‌కు రికీ భుయ్ కెప్టెన్‌గా వచ్చాడు. విహారి వ్యక్తిగత కారణాలతో తప్పుకున్నాడని అప్పట్లో వార్త. అందరూ నమ్మారు. భుయ్ ఆ సీజన్‌లో 902 పరుగులు చేసి దేశం మొత్తం మీద మొదటి స్థానంలో నిలిచాడు. విహారి మామూలు ఆటగాడిగా ఆడుతూ 522 పరుగులు చేశాడు. జట్టు క్వార్టర్ ఫైనల్‌కు వెళ్లింది. మళ్లీ ఇండోర్, మళ్లీ మధ్యప్రదేశ్. గెలవడానికి 170 కావాలి. విహారి 55 చేశాడు. జట్టు 165 దగ్గర ఆగిపోయింది. నాలుగు పరుగుల తేడా.

ఓడిన రోజే విహారి నోరు విప్పాడు. బెంగాల్ మ్యాచ్‌లో తాను జట్టులోని 17వ ఆటగాడి మీద కేకలేశానని, ఆ కుర్రాడు రాజకీయ నాయకుడైన తండ్రికి చెప్పుకున్నాడని, ఆ తండ్రి మాట మీద ఆంధ్ర క్రికెట్ సంఘం తనను కెప్టెన్సీ నుంచి తప్పుకోమందని ఇన్‌స్టాగ్రామ్‌లో రాశాడు. ఆ కుర్రాణ్ని వ్యక్తిగతంగా ఏమీ అనలేదన్నాడు. ఆత్మగౌరవం పోయిన చోట ఇక ఆడనన్నాడు. జట్టు సభ్యులు తనకు మద్దతుగా సంతకాలు పెట్టిన లేఖను కూడా బయటపెట్టాడు. ఆ ఆటగాడు వెంటనే బదులిచ్చాడు: విహారి చెప్పింది అబద్ధం, ఆట కంటే, మనిషి ఆత్మగౌరవం కంటే ఎవరూ గొప్పవాళ్లు కాదు అని. ఆంధ్ర క్రికెట్ సంఘం తన ప్రకటనలో, విహారి అసభ్యంగా మాట్లాడాడని ఫిర్యాదులు అందాయని, విచారణ చేస్తామని చెప్పింది. కొత్త కెప్టెన్ ఉండాలన్నది సెలక్షన్ కమిటీ ప్రతిపాదన అని కూడా అంది. మార్చిలో విహారికి షోకాజ్ నోటీసు వెళ్లింది.

ఇక వాదనలు. మొదటిది విహారి పక్షం. టెక్కలి వైపు ఈ వాదన వినిపించే తీరే వేరు: "ఏటి బావా, పదారు టెస్టులాడినోడికే ఇలగైతే మన గుంటడి గతేటి?" ఈ ఒక్క మాటలో మొత్తం వాదన ఉంది. పేరు, రికార్డు, దెబ్బలు తిన్న శరీరం ఉన్నవాడినే ఒక్క మ్యాచ్ కాగానే, కారణం బయటికి చెప్పకుండా పక్కన పెట్టగలిగితే, వెనక ఎవరూ లేని ఊరి కుర్రాడు ఎవరిని నమ్ముకుని ట్రయల్స్‌కు వెళ్లాలి? నాకు బలంగా తోచే వాదన ఇదే. ఇందులో విహారి మీద అభిమానం కంటే మన పిల్లల భవిష్యత్తు మీద బెంగ ఎక్కువ.

రెండోది క్రమశిక్షణ పక్షం. దీన్ని తేలిగ్గా కొట్టేయడం సరికాదు. ఉద్దానంలో ఈ వాదన చేసేవాళ్లలో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు, వ్యాయామ ఉపాధ్యాయులు ఉంటారు. మైదానంలో కెప్టెన్ అరవడం మామూలే, కానీ అరుపుకీ అవమానానికీ మధ్య గీత ఒకటుంది అంటారు. 17వ ఆటగాడంటే తుది పదకొండులో చోటు లేనివాడు, నీళ్లు మోసేవాడు, జట్టులో అందరికంటే బలహీనుడు. అతనికీ ఆత్మగౌరవం ఉంటుంది. కేవలం అతని తండ్రి నాయకుడు కాబట్టి అతని ఫిర్యాదు అబద్ధమైపోదు. ఈ మాట నిజం. కానీ ఈ వాదన ఒక చోట ఆగిపోతుంది. ఫిర్యాదు వచ్చినప్పుడు ఏం చేయాలి? ఇద్దరినీ పిలిచి వినాలి. సాక్షుల్ని అడగాలి. తప్పు తేలితే శిక్ష ప్రకటించాలి, కారణం చెప్పాలి. జరిగింది చూడండి. కెప్టెన్సీ పోయింది జనవరిలో. విచారణ మాట వినిపించింది ఫిబ్రవరి ఆఖర్లో, అదీ విహారి బయటపెట్టాక. నోటీసు వచ్చింది మార్చిలో. కెప్టెన్సీ పోవడానికి కారణం ఆ ఫిర్యాదే అయితే శిక్ష ముందు, విచారణ తర్వాత జరిగినట్టు. ఫిర్యాదు కాకపోతే కెప్టెన్‌ను మార్చిన కారణం ఆనాడే చెప్పి ఉండాల్సింది. విహారి నిజంగా తప్పు చేశాడనుకున్నా ఈ పద్ధతి తప్పే. ఇందులో ఆ కుర్రాడికి కూడా న్యాయం జరగలేదు. సరైన విచారణ లేకపోవడం వల్ల అతను దేశం ముందు 'నాయకుడి కొడుకు'గానే మిగిలాడు. అతని ఆట ఎలాంటిదో ఎవరూ అడగలేదు.

మూడోది రాజకీయం. ఇది మన జిల్లాలో ఎక్కడైనా ముందు పుట్టే అనుమానం. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న చంద్రబాబు నాయుడు, నారా లోకేశ్, పవన్ కల్యాణ్ విహారికి మద్దతుగా మాట్లాడారు. ఎన్నికలు దగ్గర్లో ఉన్న రోజులవి. జూన్‌లో ఫలితాలొచ్చాయి, ప్రభుత్వం మారింది. వేరే రాష్ట్రానికి వెళ్లడానికి కావాల్సిన ఎన్‌ఓసీ కోసం నెలల తరబడి అడిగినా ఇవ్వలేదని, ఫలితాలు రాగానే ఇచ్చేశారని విహారి రాశాడు. జూన్ చివరి వారంలో మంత్రి లోకేశ్‌ను కలిశాడు. మళ్లీ ఆంధ్రకు ఆడటానికి ఒప్పుకున్నాడు. ఆగస్టులో సంఘం పాత కార్యవర్గం రాజీనామా చేసింది. సెప్టెంబరులో విజయవాడ ఎంపీ కేశినేని శివనాథ్ అధ్యక్షుడయ్యారు.

ఇక్కడ విహారి అభిమానులు ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. రాజకీయం వల్ల కెప్టెన్సీ పోయిందని బాధపడిన మనం, రాజకీయం మారితేనే అతను తిరిగొచ్చాడని సంబరపడ్డాం. వెళ్లగొట్టిన దారీ, తీసుకొచ్చిన దారీ రెండూ సచివాలయం మీదుగానే వెళ్లాయి. లోకేశ్ చేసింది మంచి పనే, మనసు గాయపడ్డ ఆటగాణ్ని గౌరవంగా వెనక్కి పిలిచారు. కానీ ఒక ఆటగాడి గౌరవం ప్రభుత్వం మారితే గాని తిరిగి రాకపోతే, రేపు ఇంకో ప్రభుత్వంలో ఇంకో ఆటగాడి పరిస్థితి ఏమిటి? మంత్రి గడప దాకా వెళ్లగలిగే పేరు విహారికి ఉంది. మిగతావాళ్లకు లేదు.

మన ప్రాంతం మాట ఇక్కడ కొంచెం నింపాదిగా చెప్పాలి. ఆంధ్ర క్రికెట్ సంఘం 1953 నాటిది. జిల్లా సంఘాలు, వాటి మీద ఉత్తర, మధ్య, దక్షిణ మండలాలు, ఆ పైన రాష్ట్ర జట్లు. వజ్రపుకొత్తూరు, మందస, కవిటి వైపు నుంచి ఒక కుర్రాడు రాష్ట్ర జట్టు దాకా వెళ్లాలంటే ముందు శ్రీకాకుళంలో జిల్లా ట్రయల్స్, తర్వాత విజయనగరం, విశాఖ. ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు కూర్చుని 'వీడు ఉండాలి, వీడు వద్దు' అని తేలుస్తారు. ఉద్దానంలో పిల్లలు పొద్దున్నే లేచి తీరం వెంబడి పరుగు తీసేది చాలావరకు సైన్యం కోసం. కబడ్డీ, వాలీబాల్ ఊరూరా ఉన్నాయి. సంక్రాంతికి క్రికెట్ టోర్నమెంట్లు కొబ్బరి తోటల మధ్య చదును చేసిన నేల మీద జరుగుతాయి, టెన్నిస్ బంతితో. అక్కడి నుంచి ఎరుపు బంతి దాకా, టర్ఫ్ పిచ్ దాకా వెళ్లడానికి డబ్బు కావాలి, ప్రయాణాలు కావాలి, అన్నిటికన్నా ముందు ఎంపిక నిజాయితీగా జరుగుతుందన్న నమ్మకం కావాలి.

ఆ నమ్మకానికి ఆధారంగా ఇప్పుడు టెక్కలిలో చూపించే పేరు త్రిపురాన విజయ్. ఆఫ్ స్పిన్, బ్యాటింగ్ రెండూ చేసే ఈ కుర్రాడు ఆంధ్ర తరఫున ఆడాడు. 2024 నవంబరు ఐపీఎల్ వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ 30 లక్షలకు తీసుకుంది. విజయ్ పేరు పేపర్లో వచ్చాక క్రికెట్ బ్యాట్ కొనిమ్మని ఇంట్లో అడిగిన పిల్లలు ఎంతమందో! వాళ్ల తల్లిదండ్రులకు విహారి కథ కూడా తెలుసు. ఒక కథ రమ్మంటుంది, ఇంకోటి జాగ్రత్త అంటుంది. ఈ చర్చ ఇక్కడింకా నడవడానికి అసలు కారణం అదే.

నాలుగో వాదన, 'ఎవడొచ్చినా పోయినా ఆట సాగుతుంది' అనేది. విహారి పోతే భుయ్ వచ్చాడు, 902 కొట్టాడు కదా అంటారు. భుయ్ ఆటను తక్కువ చేయడానికి ఏమీ లేదు. కానీ ఆ పరుగులు కెప్టెన్సీ మార్పు సరైందని నిరూపించవు. ఎదుటి చివర విహారి లాంటి అనుభవజ్ఞుడు 522 పరుగులతో నిలబడ్డ సీజన్ కూడా అదే. నాలుగు పరుగులతో పోయిన మ్యాచ్‌లో రెండో ఇన్నింగ్స్ అర్ధశతకం అతనిదే.

ఇలాంటి చేదు వీడ్కోళ్లు మన తెలుగు ఆటలో కొత్త కాదు. అంబటి రాయుడు పద్దెనిమిది నిండకముందే మేటి అనిపించుకుని, హైదరాబాద్‌లో పొసగక 2005-06లో ఆంధ్రకు వచ్చాడు. మళ్లీ హైదరాబాద్ వెళ్లాడు, తర్వాత ఐసీఎల్ (ఇండియన్ క్రికెట్ లీగ్), బరోడా, విదర్భ, మళ్లీ హైదరాబాద్. 2019 ప్రపంచ కప్‌లో చోటు దక్కక జులైలో రిటైర్ అన్నాడు, ఆగస్టులో వెనక్కి తీసుకున్నాడు. ఆ నవంబరులో హైదరాబాద్ సంఘంలో అవినీతి ఉందని అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్‌ను ఉద్దేశించి రాసి రంజీ నుంచి తప్పుకున్నాడు. రాయుడు కోపిష్ఠి అనేశారు, అక్కడితో అయిపోయింది. అతను లేవనెత్తిన ఆరోపణ ఏమైందని పట్టుకుని అడిగిన అభిమానులు తక్కువ. విహారి విషయంలోనూ అదే జరుగుతోంది. మనిషి స్వభావం మీద చర్చ పెడితే సంస్థ స్వభావం మీద చర్చ పక్కకు పోతుంది.

డేవిడ్ వార్నర్ సంగతి ఇంకో రకం. 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చి, మూడుసార్లు ఆరెంజ్ క్యాప్ గెలిచి, తెలుగు పాటలకు ఇంట్లో చిందులేసి మన ఇళ్లలో మనిషైపోయాడు. 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేశారు, ఆ మరుసటి మ్యాచ్‌కు జట్టులోంచే తీసేశారు. నీళ్ల సీసాలు మోశాడు, స్టాండ్స్‌లో జెండా ఊపాడు. 2022లో ఢిల్లీ తరఫున సన్‌రైజర్స్ మీదే 92 నాటౌట్ కొట్టినప్పుడు మన కుర్రాళ్లు చాలామంది చప్పట్లు కొట్టారు. అయితే ఫ్రాంచైజీకి యజమాని ఉంటాడు. అతని డబ్బు, అతని నిర్ణయం. అభిమాని బాధపడొచ్చు, టికెట్ కొనడం మానొచ్చు. రాష్ట్ర జట్టు అలా కాదు. దానికి యజమాని లేడు. సంఘం దానికి ధర్మకర్త మాత్రమే. అందుకే వార్నర్ విషయంలో అడగలేని లెక్క విహారి విషయంలో అడగొచ్చు.

ఫుట్‌బాల్ వైపు చూస్తే ఇంకా పాత గాయం ఒకటి కనిపిస్తుంది, దానికి మన పలాస రైలు పట్టాలతో దూరపు చుట్టరికం ఉంది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేశాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో చుని గోస్వామి, పీకే బెనర్జీలతో పాటు అతనూ ఉన్నాడు. కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు 1961లో కెప్టెన్. అక్కడి నుంచి బీఎన్ఆర్ జట్టుకు మారాడు. ఒకప్పుడు మన పలాస మీదుగా పోయే లైను కూడా ఆ బెంగాల్ నాగపూర్ రైల్వేదే. ఖరగ్‌పూర్‌లో ఉద్యోగాలు చేసి స్థిరపడిన మన జిల్లా కుటుంబాల పెద్దలకు బీఎన్ఆర్ జట్టు పేరు తెలియకుండా ఉండదు. ఊపిరితిత్తుల జబ్బు బలరాం ఆటను ముప్పై రాకముందే ఆపేసింది. ఈస్ట్ బెంగాల్‌తో మాత్రం అతని మనసు కలవలేదు. క్లబ్బు తనను చూసిన తీరు మీద బాధ ఏళ్లు గడిచినా తగ్గలేదు. 2023 ఫిబ్రవరిలో, ఆ కలకత్తాలోనే కన్నుమూశాడు. ఆటగాడి గాయం మాన్పడానికి సంస్థకు దశాబ్దాల సమయం ఉంది. సమయం ఉన్నంత మాత్రాన మానదు.

ప్రపంచ ఫుట్‌బాల్‌లో ఇలాంటివి అందరూ చూసినవే. 2021 ఆగస్టులో బార్సిలోనా వదిలేటప్పుడు మెస్సీ కన్నీళ్లు పెట్టుకున్నాడు. అక్కడ కారణం బయటికి చెప్పారు: లీగ్ ఆర్థిక నిబంధనలు, క్లబ్బు అప్పులు. తప్పెవరిదో వాదించుకోవడానికి జనం ముందు లెక్కలున్నాయి. 2022 నవంబరులో రొనాల్డో మాంచెస్టర్ యునైటెడ్ మీద, కోచ్ మీద టీవీలో ఘాటుగా మాట్లాడాడు, వారం తిరిగేసరికి ఒప్పందం రద్దయింది. అక్కడా రెండు పక్షాల మాటా బయటే ఉంది. హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ సంగతి మరీ ఘోరం. 2022 మార్చిలో ఐఎస్ఎల్ కప్పు గెలిచిన జట్టు అది. రెండేళ్లు తిరక్కుండా జీతాలందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారింది. అక్కడ ఆటగాడు వెళ్లడం కాదు, జట్టే అభిమానిని వదిలేసింది. ఆ ఆటగాళ్లకు ఒక ఆసరా మాత్రం ఉంది. జీతం ఎగ్గొడితే ఫిఫా దాకా వెళ్లొచ్చు, క్లబ్బు మీద నిషేధం పడుతుంది. ఫుట్‌బాల్ ఆటగాళ్లకు సొంత సంఘాలూ ఉన్నాయి.

మన క్రికెటర్‌కు అలాంటిది లేదు. క్రికెట్ పాలన సంస్కరణల మీద లోధా కమిటీ చేసిన సిఫారసుల్ని 2016లో సుప్రీంకోర్టు ఆమోదించాక 2019లో భారత క్రికెటర్ల సంఘం వచ్చింది, కానీ అది రిటైరైనవాళ్లకే. ఆడుతున్నవాడికి చోటు లేదు. రాష్ట్ర సంఘాలకు అంబుడ్స్‌మన్ ఉండాలన్న నియమం ఉంది. ఆ తలుపు ముందు కనిపిస్తే విహారి ఇన్‌స్టాగ్రామ్‌లో రాయాల్సిన పని ఉండేది కాదేమో. ఎన్‌ఓసీ విషయమూ అంతే. ఒక రాష్ట్రం వదిలి ఇంకో రాష్ట్రానికి ఆడాలంటే పాత సంఘం కాగితం ఇవ్వాలి. ఇన్ని రోజుల్లోగా ఇవ్వాలన్న గడువు ఉంటే, నెలల తరబడి ఆటగాణ్ని గుమ్మం దగ్గర నిలబెట్టడం కుదరదు.

రెండో వీడ్కోలు మీద కూడా ఒక మాట. త్రిపురకు వెళ్లడాన్ని కొందరు నమ్మకద్రోహం అంటున్నారు. 'పిలిచి గౌరవిస్తే మళ్లీ పోయాడు' అని. నేను ఒప్పుకోను. 2024లో జరిగింది గాయం, 2025లో జరిగింది ఉద్యోగం మారడం. ముప్పై దాటిన ఆటగాడికి మిగిలింది కొద్ది సీజన్లు. త్రిపుర లాంటి జట్లు బయటి నుంచి ముగ్గురు ప్రొఫెషనల్స్‌ను తెచ్చుకోవచ్చు. అదే సీజన్‌కు తమిళనాడు వదిలి విజయ్ శంకర్ కూడా అక్కడికే వెళ్లాడు. వెరావల్‌కు వేటకు వెళ్లే మత్స్యకారుణ్ని, ఖరగ్‌పూర్‌కు కొలువుకు వెళ్లిన పెద్దాయన్ని ద్రోహి అనని ప్రాంతం మనది. పని ఉన్న చోటికి వెళ్లడం తప్పు కాదని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

విహారి చేసిన ఒక పని మాత్రం నాకు నచ్చలేదు. ఓడిన సాయంత్రం, జట్టు మొత్తం నాలుగు పరుగుల బాధలో ఉండగా 'ఎప్పటికీ ఆడను' అని రాయడం. నాలుగు రోజులాగి, సంఘానికి రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి, జవాబు రాకపోతే అప్పుడు బయటపెట్టి ఉంటే అతని మాటకు ఇంకా బరువుండేది. జట్టు సభ్యుల సంతకాలు బయటపెట్టడం వల్ల ఆ కుర్రాళ్లందరూ ఏదో ఒక పక్షంలో నిలబడక తప్పలేదు. వాళ్లకు ఇంకా ఆడాల్సిన ఏళ్లున్నాయి.

అయినా తూకం వేస్తే తప్పు సంఘం వైపే ఎక్కువ మొగ్గుతుంది. విహారి మనిషి, కోపం వస్తుంది. సంఘానికి నియమాలుంటాయి, సమావేశాలుంటాయి, న్యాయ సలహాదారులుంటారు. కోపం రాకుండా పనిచేయడానికే సంస్థలు ఉన్నాయి. కెప్టెన్‌ను మార్చే అధికారం సంఘానికి ఉంది, కారణం చెప్పాల్సిన బాధ్యత కూడా ఉంది. ఆ బాధ్యత నెరవేరలేదు. విచారణ చేస్తామన్నారు, అందులో ఏం తేలిందో జనం ముందుకు రాలేదు. కొత్త కార్యవర్గం వచ్చాక కూడా రాలేదు. ప్రభుత్వం మారినా ఈ ఒక్క విషయంలో పద్ధతి మారలేదు.

అభిమానులకు నా విన్నపం. విహారి మంచివాడా, ఆ కుర్రాడు మంచివాడా అన్న చర్చ మానండి. ఆ కుర్రాడి ఇంటి పేరు పట్టుకుని తిట్టడం అసలే మానండి. శ్రీకాకుళం జిల్లా సంఘాన్ని అడగండి: ఈ ఏడాది ట్రయల్స్‌కు ఎంతమంది వచ్చారు, ఎవరిని తీసుకున్నారు, ఎవరు ఎంపిక చేశారు, తీసుకోని పిల్లాడు కారణం అడిగితే ఎవరు చెబుతారు? రాష్ట్ర సంఘాన్ని అడగండి: అంబుడ్స్‌మన్ ఎవరు, ఆటగాడు ఫిర్యాదు ఎక్కడివ్వాలి, ఎన్ని రోజుల్లో జవాబొస్తుంది? ఈ వివరాలు తెలుగులో, అందరికీ కనిపించేలా పెట్టమనండి. పలాస నుంచి, టెక్కలి నుంచి, కవిటి నుంచి కిట్ బ్యాగు వీపున వేసుకుని పొద్దుటి ప్యాసింజర్ ఎక్కే పిల్లల తరఫున అడగాల్సింది మనమే.